పొగాకు లేని ఉత్త వక్కతో కూడా నోటి క్యాన్సర్ వస్తుందా?

శారద, గోదావరిఖని

అందరికీ నమస్కారం. మా ఆయన సింగరేణిల బాయి పని చేస్తడు, అండర్‌గ్రౌండ్. బాయిలకు బీడీ, అగ్గిపెట్టె తీస్కపోనియ్యరు, దిగేకాడనే తనిఖీ ఉంటది. అందుకే ఆడ పని చేసెటోళ్లల్ల చానమందికి నమిలే అలవాటు. ఈయనకు కూడ కొలువుల చేరిన కొత్తలనే పడ్డది. మొదలు తంబాకు సున్నం నలుచుకొని పెట్టుకునేది, తర్వాత గుట్కా, అంబర్. షిఫ్టు అయిపోయేదాక కింది పెదవి లోపట ముద్ద ఉండాల్సిందే.

పోయిన సంక్రాంతికి మా బిడ్డ ఏడిస్తె గుట్కా, తంబాకు రెండూ బంద్ చేసిండు. చాన సంబరపడ్డ. కాని వాటి జాగల వక్క మొదలువెట్టిండు. పాన్ డబ్బాల అమ్మే వక్క పలుకులు, తియ్యటి వక్కపొడి పొట్లాలు ఎప్పుడు జేబులనే ఉంటయి. "ఇండ్ల తంబాకు లేదు గదా, పెండ్లిళ్లల్ల అందరు తినేదే గదా" అంటడు.

ఇప్పుడు నా రంది ఏందంటె, కొన్ని నెలల సంది కారం ముడుతలేడు. పచ్చిపులుసు తాగినా నోరు మండుతంది అంటడు. నేను, పిల్లలు ఒక కూర తింటె ఆయనకు వేరే చప్పిడిపప్పు చేస్తున్న. మొన్న జొన్నరొట్టె తినేటప్పుడు పక్కన కూసొని చూసిన. నోరు నిండ తెరుస్తలేడు. రొట్టెను సన్నగ తుంచి వేలుతోని లోపటికి నూకుతండు. ఏందని అడిగితె పన్ను నొప్పి అని లేచిపోయిండు. బుగ్గ లోపట తెల్లగ అయినట్టు కూడ కనవడ్డది.

ఉత్త వక్కతోని కూడ క్యాన్సర్ అయితదా? ఏ డాక్టరుకు చూపియ్యాలె? రమ్మంటె వస్తలేడు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

నోటి డాక్టరు, కరీంనగర్

శారద గారూ, సూటిగా చెప్తాను. వస్తుంది. పొగాకు ఒక్క రేకు కూడా కలవకపోయినా వక్కతోనే నోటి క్యాన్సర్ వస్తుంది. నేను దంతవైద్యురాలిని, ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల వైద్యం) నా విభాగం. మీరు రాసింది చదివాక వెంటనే జవాబివ్వాలనిపించింది, ఎందుకంటే మీరు చెప్పిన మూడు లక్షణాలూ (కారానికి మంట, నోరు తెరుచుకోకపోవడం, బుగ్గ తెల్లబడడం) ఒకే జబ్బు వైపు చూపిస్తున్నాయి.

ముందు వక్క సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంది. ఏ పదార్థం మనుషులకు క్యాన్సర్ తెస్తుందో తేల్చేది వాళ్లే. 1985లో వాళ్లు పొగాకు వేసిన తాంబూలాన్నే తప్పుపట్టారు. వక్క మీద విడిగా తీర్పు 2004లో వచ్చింది. వక్కను, పొగాకు లేని తాంబూలాన్ని కూడా మొదటి గ్రూపులో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో పెట్టారు. సిగరెట్ పొగ, ఆస్బెస్టాస్ ఉన్నది ఆ గ్రూపులోనే. ఈ విషయం తేలడానికి తైవాన్‌లో జరిగిన పరిశోధనలు చాలా పనికొచ్చాయి. అక్కడివాళ్లు పచ్చి వక్కను సున్నంతో నములుతారు, అందులో పొగాకు వెయ్యరు. అయినా నమిలేవాళ్లలో నోటి క్యాన్సర్ విపరీతంగా కనిపించింది. "తంబాకు లేదు గదా" అనే మీవారి మాటకు జవాబు అదే.

ఇక మీవారి లక్షణాలు. దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. 1952లో తూర్పు ఆఫ్రికాలో ఉంటున్న భారతీయ స్త్రీలలో దీన్ని గుర్తించి వైద్యలోకానికి తెలియజేశారు. వక్క ఎక్కడికి వెళ్తే ఈ జబ్బు అక్కడికి వెళ్లింది. వక్కలో ఆరెకొలైన్ అనే పదార్థం ఉంటుంది. అది బుగ్గ లోపలి పొర కింద ఉన్న కణాలను రెచ్చగొట్టి కొల్లాజెన్ అనే నారను అవసరానికి మించి తయారుచేయిస్తుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే. మామూలుగా పాత నార కరిగిపోతూ ఉండాలి. ఈ రాగి ఒక ఎంజైమును ఎక్కువ చేసి ఆ నారలను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేయిస్తుంది, ఇక కరగవు. నెలలు గడిచేకొద్దీ మెత్తగా సాగాల్సిన బుగ్గ బిగుసుకుపోతుంది. పైపొర పలచబడుతుంది కాబట్టి మిరపకాయ తగిలితే నిప్పు పెట్టినట్టు ఉంటుంది.

పరీక్ష చేసేటప్పుడు నేను చూపుడు వేలిని బుగ్గ లోపల పెట్టి పైనుంచి కిందికి తడుముతాను. జబ్బు ఉన్నవాళ్లలో నిలువుగా తాళ్లు బిగించినట్టు చేతికి తగులుతుంది. కొండనాలుక ముడుచుకుపోయి మొగ్గలా ఉంటుంది. నాలుక బయటికి చాపమంటే పెదవి దాటి రాదు. ఈల వెయ్యమంటే వెయ్యలేరు. ఇవన్నీ చూసి చూసి, గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటేనే మాట మందంగా రావడం బట్టి నాకు అనుమానం వచ్చేస్తుంది.

ఇది క్యాన్సర్ కాదు. కానీ క్యాన్సర్‌కు దారి. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బు ఉన్నవాళ్లను 17 ఏళ్లపాటు పరిశీలిస్తే వాళ్లలో 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. మీవారు ఏళ్ల తరబడి పొగాకు కూడా పెట్టుకున్నారు కాబట్టి ఆయనది రెండు వైపుల ప్రమాదం. పొగాకులోని నైట్రోసమైన్లు అనే రసాయనాలు నేరుగా క్యాన్సర్ తెచ్చేవి. సున్నం ఆ చర్మాన్ని పుండుచేసి దారి సుళువు చేస్తుంది.

ఇంట్లో ఈ పని చెయ్యండి. ఆయన్నే తన చెయ్యి మూడు వేళ్లు, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు కలిపి, నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టుకోమనండి. మామూలు మనిషికి పడతాయి. పట్టకపోతే నోరు మూసుకుపోతున్నట్టే. క్యాన్సర్ మాట ముందే ఎత్తకండి, ఈ వేళ్ల పరీక్ష చాలు. పన్ను నొప్పి అని తప్పించుకునే మనిషికి తన వేళ్లే సాక్ష్యం చెప్తాయి. తర్వాత టార్చి లైటు వేసి కింది పెదవి లోపల, ఆయన ముద్ద పెట్టుకునే చోటే, బాగా చూడండి. నేను రోగిని అడిగే మొదటి ప్రశ్న "ముద్ద ఎటు పెడతావు" అనే. పుండో మచ్చో ఉంటే ఎక్కువగా అక్కడే ఉంటుంది. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, ఊరికే కదులుతున్న పన్ను, మెడలో గడ్డ, కారణం లేని చెవిపోటు, పెదవి తిమ్మిరి: వీటిలో ఏదున్నా ఆగకూడదు. ఎర్రమచ్చ తెల్లమచ్చ కంటే ప్రమాదం. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మొదట్లో నొప్పి ఉండదు.

ఇంట్లో చూసుకోవడం చిన్న పని అనుకోకండి. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ తిప్పి నోళ్లు చూపించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. యంత్రాలేమీ లేవు, వెలుతురు పెట్టి కంటితో చూడడమే.

చూపించాల్సింది దంతవైద్యుడికి, అందులోనూ ఓరల్ మెడిసిన్ వాళ్లు దొరికితే మంచిది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో ఈ విభాగం ఉంది. మీ కంపెనీ ఆసుపత్రి నుంచి రిఫరల్ రాయించుకోండి. వక్క మాత్రం ఈ పూటే ఆపాలి. తియ్యటి వక్కపొడి కూడా వక్కే, పైన పూసిన చక్కెర, సెంటు చూసి మోసపోవద్దు. పిల్లలకు అస్సలు ఇవ్వకండి.

సుబ్బారావు, తణుకు

డాక్టరు గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. మా నాయనమ్మ భోజనం అయ్యాక ఆకూ వక్కా సున్నం వేసుకోకపోతే నిద్రపోయేది కాదు. తొంభై దాటి బతికింది. మన పేరంటాల్లో, పెళ్లిళ్లలో తాంబూలం లేకుండా ఏ శుభకార్యమూ లేదు. ఆయుర్వేదంలో కూడా చెప్పారు. ఇంత కాలం లేని క్యాన్సర్ ఇప్పుడు వక్కలో ఎక్కడినుంచి వచ్చింది?

నోటి డాక్టరు, కరీంనగర్

సుబ్బారావు గారూ, తాంబూలం ఇచ్చిపుచ్చుకోవడానికి నేనేమీ అడ్డు చెప్పను. మా ఇంట్లో నోముకు నేనూ ఆకులూ వక్కలూ పెట్టి బొట్టు పెట్టి ఇస్తాను. చేతిలో పెట్టుకోవడానికీ నోట్లో పెట్టుకోవడానికీ తేడా ఉంది.

మీ నాయనమ్మగారు అన్నం తిన్నాక ఒక్కసారి వేసుకుని నమిలి ఉమ్మేసి ఉంటారు. గనిలో, లారీలో, ఆటోలో కూర్చునేవాళ్లు పొద్దుటినుంచి రాత్రివరకూ పెదవి కింద పెట్టుకునే ఉంటారు. కొందరు దవడలో పెట్టుకునే పడుకుంటారు, వాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండోది, కిళ్ళీలో చాలా భాగం తడి ఆకే. పొట్లంలో వచ్చేది ఎండబెట్టిన వక్క, అందుకే పాన్ మసాలా నమిలేవాళ్లకు నోరు బిగుసుకోవడం కిళ్ళీ వేసుకునేవాళ్లకంటే తొందరగా మొదలవుతుంది. చిన్న పొట్లాలు ఊరూరా కిరాణా కొట్లకు వేలాడడం మొదలయ్యాక కాలేజీ వయసు పిల్లల్లో కూడా ఈ జబ్బు చూస్తున్నాం. తమలపాకు మీద ఈ నేరం లేదు, వక్క మీదే ఉంది.

ఇంత కాలం లేని క్యాన్సర్ కాదండీ ఇది. "నోట్లో పుండు పుట్టి పోయాడు" అని మన పల్లెల్లో చెప్పుకునేవాళ్లలో చాలామందికి బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) జరగలేదు, ఆ జబ్బుకు పేరు పెట్టలేదు. తొంభై ఏళ్లు బతికిన నాయనమ్మను మనం గుర్తుపెట్టుకుంటాం, నలభైకే పోయినవాళ్ల గురించి ఇళ్లల్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. ఇవాళ మన దేశంలో ఏటా 1,40,000 మందికి పైగా కొత్తగా నోటి క్యాన్సర్ బారిన పడుతున్నారు. మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే ముందుంది. 2016-17 సర్వేలో పెద్దవాళ్లలో 21.4 శాతం మంది పొగలేని పొగాకు వాడుతున్నట్టు తేలింది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు.

లారీ డ్రైవర్, నరసరావుపేట

శారదక్కా, నాకూ మీ ఆయనకున్న జబ్బే. డాక్టరమ్మ చెప్పినయ్యన్నీ నిజం. మానటం ఎట్టాగో నేను చెప్తా, ఇది డాక్టర్లు చెప్పేదానికంటే అనుభవించినోడు చెప్తే బాగుంటది.

మీ ఆయన గుట్కా ఆపి వక్క పట్టుకున్నాడంటే ఆయన మొండి అనుకోమాకండి. వక్కకి దాని మత్తు దానికుంది. ఆపిన మొదటి వారం తల పగిలిపోద్ది, ఊరికే కోపం వచ్చుద్ది, పొద్దున్నే దొడ్డికి రాదు. ఎదుటోడు ఏమన్నా అంటే కొట్టబుద్ధేస్తది. ఆ వారం మాత్రం ఇంట్లో ఎవరూ సూటిపోటి మాటలు అనమాకండి. వారం దాటితే చాలా నెమ్మదిస్తది.

నోట్లో ఏదో ఒకటి ఉండాలనే యావ మాత్రం చానాకాలం పోదు. నేను సోంపు, లవంగం, ఎండిన ఉసిరి ముక్క డబ్బాలో పోసుకుని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నా. చొక్కా జేబు కుట్టేయించా, ఎందుకంటే చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. టీ తాగంగానే వక్క గుర్తొస్తది కాబట్టి కొన్నాళ్లు టీ మానేసి మజ్జిగ తాగా. క్లీనరుకి గట్టిగా చెప్పా, నేనడిగినా కొనిపెట్టొద్దని.

1800-11-2356 అని సర్కారోళ్ల ఉచిత నంబరు ఒకటుంది, పొగాకు మాననీకి. పొట్లం మీదే వేస్తారు. తెలుగులో మాట్లాడతారు, వాళ్లే మళ్లీ మళ్లీ ఫోన్ చేసి కనుక్కుంటారు. ఒంటరిగా బండి నడిపేటోడికి ఆ ఫోన్ చాలా ధైర్యం.

ఇంకోటి. నా నోరు ఇప్పటికీ రెండు వేళ్లకంటే తెరుచుకోదు. మంట పోయింది, కారం తింటున్నా, కానీ బిగుసుకున్నది పూర్తిగా వెనక్కి రాలా. డాక్టరు ఇంజెక్షన్లు చేశాడు, ఐసుక్రీము పుల్లలు దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, కొన్నాళ్లకొక పుల్ల పెంచమన్నాడు. అది చేస్తేనే ఈ రెండు వేళ్లన్నా వచ్చినయ్. అందుకే ఎంత ముందు ఆపితే అంత మిగులుద్ది అని ఆయనకి చెప్పండి.

టెక్కలి నుంచి ఒక పాఠకుడు

డాక్టరు గారికి ఒక ప్రశ్న. మా శ్రీకాకుళం వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగించి నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. మా అత్త ఇప్పటికీ తాగుతోంది. ఆవిడ నమలదు కాబట్టి ఇది ఆవిడకు వర్తించదా?

నోటి డాక్టరు, కరీంనగర్

వర్తిస్తుందండీ, చోటు మారుతుంది అంతే. నమిలేవాళ్లకు బుగ్గ, పెదవి, చిగురు దగ్గర వస్తే, అడ్డపొగ వాళ్లకు అంగిట్లో వస్తుంది. నిప్పు వేడీ పొగా తిన్నగా అంగిటికే తగులుతాయి. విశాఖ, శ్రీకాకుళం తీరంలో దీని మీద దశాబ్దాల క్రితమే పరిశోధనలు జరిగాయి, అంగిటి క్యాన్సర్ మిగతాచోట్ల అరుదు, అక్కడ అరుదు కాదు. మీ అత్తగారిని తల వెనక్కి వాల్చమని, లైటు వేసి నోటి పైభాగం చూడండి. తెల్లగా మందంగా, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు ఉంటే అది పొగ చేసిన పని. పుండుగానీ, ఎర్రగా చెక్కుకుపోయిన చోటుగానీ ఉంటే వెంటనే చూపించండి.

గోపాల్, వరంగల్

గుట్కా మీద నిషేధం ఉంది కదా, ఎట్ల దొరుకుతోంది అని చాలామంది అడుగుతారు. చిన్న కిటుకు. తినే వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపొద్దని 2011 ఆహార భద్రతా నిబంధనల్లో పెట్టారు. దాని ఆధారంగా 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కాను నిషేధించాయి. అప్పటినుంచి వక్క ఉన్న పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా (నమిలే పొగాకు) ఒక పొట్లం విడివిడిగా వచ్చాయి. కొట్టువాడు రెండూ కలిపి చేతిలో పెడతాడు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. శారదక్కా, మీ ఆయన దగ్గర ఉన్న పొట్లాలు ఒకసారి తిప్పి చదవండి. వక్కపొడి అనుకున్నది పాన్ మసాలా కావచ్చు, పక్కన ఇంకో చిన్న పొట్లం కూడా ఉండొచ్చు.

శారద, గోదావరిఖని

అందరికీ చాన చాన థాంక్స్. డాక్టరమ్మ చెప్పినట్టే మూడు వేళ్లు పెట్టుకొమ్మన్న. మొదలు నవ్విండు, తర్వాత పట్టకపోయేసరికి అద్దం కాడికి పోయి మళ్లమళ్ల పెట్టుకున్నడు. మాట్లాడలే. తెల్లారి ఆయనే "పోదాం పా" అన్నడు. ఇక్కడి పండ్ల డాక్టరు స్కేలు పెట్టి కొలిస్తె 26 మిల్లీమీటర్లు వచ్చింది. బుగ్గలు గట్టిగైనయట. కింది పెదవి లోపట, ముద్ద పెట్టుకునే జాగల్నే, తెల్లమచ్చ ఉంది, ఒక పక్క ఎర్రగున్నది. ముక్క తీసి పరీక్షకు పంపాలె అన్నడు. మా అత్తమ్మ మాత్రం వద్దంటంది. కత్తి పెడితె క్యాన్సర్ ఒళ్లంత పాకుతది అంటంది. ఆయన మళ్ల వెనుకకు తగ్గుతండు. ఏం చెయ్యాలె?

నోటి డాక్టరు, కరీంనగర్

శారద గారూ, అత్తమ్మగారితో నన్ను ఫోనులో మాట్లాడించినా సరే, బయాప్సీ మాత్రం ఆపకండి. ముక్క తియ్యడం వల్ల నోటి క్యాన్సర్ ఒళ్లంతా పాకదు. ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, నెలల తరబడి ఆగి, గడ్డ బాగా పెరిగాక చివరికి ముక్క తీయించుకున్నవాళ్లు కొద్దిరోజుల్లో పోవడం జనం చూశారు. వాళ్లను తీసుకుపోయింది ఆగిన ఆ నెలలే. తెల్లమచ్చలో ఎర్రదనం కలిసి ఉందంటే కంటితో చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు, నేనూ తేల్చలేను. మత్తు ఇంజెక్షను ఇచ్చి చిన్న ముక్క తీసి రెండు కుట్లు వేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. ఎర్రగా ఉన్న చోటునుంచి ముక్క తీయమని మీరే అడగండి.

రిపోర్టు వచ్చాక అందులో డిస్‌ప్లేసియా (కణాలు క్యాన్సర్ వైపు మారడం) అనే మాట ఉందేమో చూడండి. లేకపోతే వక్క, తంబాకు పూర్తిగా మానేసి మూడు నెలలకొకసారి చూపించుకుంటూ, నోటి వ్యాయామం, మందులు వాడతారు. మానేస్తే కొన్ని తెల్లమచ్చలు తగ్గుతాయి కూడా. మైల్డ్ అని ఉంటే ఇంకా దగ్గరగా చూస్తారు, కొందరికి ఆ మచ్చ తీసేస్తారు. మోడరేట్, సివియర్ అని ఉంటే మచ్చ మొత్తం తీసేయాలి. కార్సినోమా, అంటే క్యాన్సర్ అని రాసి ఉంటే ఒక్కరోజు కూడా వృథా చెయ్యకుండా రిపోర్టు పట్టుకుని కంపెనీ రిఫరల్‌తో క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పెదవి లోపలి చిన్న మచ్చ దశలో దొరికితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ, మీరు చెప్పినదాన్ని బట్టి మీరు ఆలస్యం కాలేదు.

తంబాకు మళ్లీ గుర్తొస్తుంటే డాక్టరును అడిగి నికోటిన్ పట్టీ రాయించుకోండి. నికోటిన్ గమ్ వద్దు, దవడ బిగుసుకున్న మనిషి దాన్ని నమలలేడు. రిపోర్టు వచ్చాక పేరు కనిపించకుండా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.